అక్టోబర్ రాత్రులకు దెయ్యాల నవలలు

ఒరేయ్ శీనూ,

అక్కడ న్యూజెర్సీలో దెయ్యాల పండగ హాలోవీన్‌కి ఇళ్ల ముందు గుమ్మడికాయలు, అస్థిపంజరాలు వెలిశాయి, ఈ సీజన్‌లో చదవడానికి మంచి దెయ్యాల నవలలు చెప్పమన్నావు కదా. నెత్తురు కారే రకం నేను చెప్పను. ఒక పాత ఇల్లు, అందులో ఏదో ఉందా లేదా అన్న అనుమానం, నాకు నచ్చే భయం అదే.

ముందు సూసన్ హిల్ రాసిన 'ద వుమన్ ఇన్ బ్లాక్' (1983) పట్టుకో. ఆర్థర్ కిప్స్ అనే కుర్ర లాయరు, చనిపోయిన ఒక ముసలావిడ కాగితాలు చూడటానికి ఇంగ్లండులో సముద్రం పక్కన చిత్తడినేలల్లో ఉన్న ఇంటికి వెళ్తాడు. ఆ ఇంటికి ఒకటే దారి, పోటు వచ్చిందంటే అదీ మునిగిపోతుంది, ఇక లోపల చిక్కుకున్నట్టే. ఊళ్లోవాళ్లని ఆ ఇంటి సంగతి అడిగితే మాట మార్చేస్తారు. తిరిగి వచ్చేద్దామని నడుస్తుంటే పొగమంచు కమ్మేసి, అందులోంచి గుర్రబ్బండి చప్పుడు, ఆ తర్వాత ఒక పిల్లాడి కేక! కంటికేమీ కనపడదురా, అంతా చెవులకే. నల్లబట్టల ఆవిడ ఎదురుపడిన చోట్ల కన్నా ఆ పేజీలే నన్ను ఎక్కువ వణికించాయి.

తర్వాత షర్లీ జాక్సన్ 'ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' (1959). ఆ ఇంట్లో కోణాలన్నీ కాస్తకాస్త తేడా, తెరిచిపెట్టిన తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. కానీ నా బెంగంతా అక్కడ ఉండటానికి వచ్చిన ఎలనార్ మీదే. ఏళ్ల తరబడి జబ్బు తల్లికి సేవ చేసీ చేసీ, ఇన్నాళ్లకి తనంతట తాను బయటికొచ్చిన మనిషికి ఆ పాడు ఇల్లే సొంతిల్లులా అనిపించడం మొదలవుతుంది చూడు, అక్కడుంది అసలు టెన్షన్. చీకట్లో చెయ్యి పట్టుకునే సీన్ ఒకటుంది, దాని గురించి చెప్పను.

హెన్రీ జేమ్స్ 'ద టర్న్ ఆఫ్ ద స్క్రూ' (1898) చిన్నదే, వాక్యాలు మాత్రం చాంతాడంత, తీరిక ఉన్నప్పుడు చదువు. పిల్లల్ని చూసుకునే టీచరమ్మకి కనపడేవి దెయ్యాలా, ఆవిడ భ్రమా అని జనం ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

మన యండమూరి 'తులసిదళం' నువ్వింకా చదవలేదంటే నమ్మలేకపోతున్నా. కానీ అందులో చేతబడి చిన్నపిల్ల మీద, మీ పాప ఇంకా చిన్నది, కాబట్టి దాన్ని వచ్చే ఏడాదికి ఉంచు. కిప్స్ కథలో చివరి అధ్యాయం కూడా పగలే చదువు, పాపని పడుకోబెట్టాక అస్సలు వద్దు.

ఇట్లు,
రవి