రొయ్యపిల్లలు ఇచ్చిండ్రు, దాక్కునే గూడు కూడా ఇయ్యండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నర్సంపేట దిక్కు ఒక పాత చెరువు మీద బతికే మత్స్య సహకార సంఘం సభ్యుణ్ని. రెండేండ్లల్ల మూడు అర్జీలు పెట్టినం. మూడింటికీ ముద్ర కొట్టి రసీదు ఇచ్చిండ్రు, జవాబు మాత్రం రాలేదు. అందుకే ఈసారి అందరి ముందట రాస్తున్న.

మేం అడిగింది సర్కారు మా చెరువుల పోసే రొయ్యపిల్లలు ఎక్కువ ఇయ్యమని కాదు సార్. ఇచ్చినవి బతికేటట్టు చెరువుల గూళ్లు కట్టియ్యమని.

రొయ్య పెరగాలంటే పాత పెంకు విడవాలె. కొత్తది గట్టిపడేదాకా దానికి దిక్కుండదు. పోయిన కార్తీకంల అట్లాంటిదొకటి వలలో వచ్చింది. అరచేతిల పెట్టుకుంటే తడిసిన కాగితం లెక్క వంగింది. గోళ్లు రెండూ లేవు, ఒక పక్క కాళ్లు కొరికేసి ఉన్నయి. కొర్రమట్ట అయితే మొత్తం మింగేది. ఇది తోటి రొయ్య పని. సందు దొరకకుంటే అవి ఒకదాన్నొకటి తింటయి.

మునుపు మా చెరువుల తుమ్మ మొద్దులు, రాళ్ల కుప్పలు, తుంగ ఉండేవి. పూడిక తీసినప్పుడు అన్నీ పోయినయి. పూడిక తీసుడు తప్పని అంటలేను, నీళ్లు నిలిచినయి, మాకూ మేలైంది. కానీ చెరువు అడుగు ఇప్పుడు కల్లం లెక్క సాపుగ ఉంది. ఆ సాపు నేల మీదనే ఏటా పిల్లల్ని పోస్తున్నరు. మంచినీటి రొయ్య చెరువుల గుడ్లు పెట్టినా, ఉప్పు కలిసిన నీళ్లు లేనిది దాని పిల్లలు బతకవు. అంటే పోయిన రొయ్య పోయినట్టే, ఇంకోటి పుట్టదు.

ఇంగ్లండుల రొయ్యకు చుట్టమైన క్రేఫిష్ తగ్గిపోతే, దాన్ని కాపాడేతందుకు రాళ్లు, బొక్కల ఇటుకలు నీళ్లల్ల పేర్చిండ్రు. మాకు అంత దూరం అక్కర్లేదు. పోయిన ఎండాకాలం మత్తడి పక్కన పాత గూనపెంకులు, పగిలిన కుండలు, తాటిమట్టలు మేమే పేర్చినం. పెద్ద రొయ్యలు దొరికింది ఆ మూలనే. రెండు వలలు చినిగినయి నిజమే, గుర్తుకు కట్టెలు పాతకపోవుడు మా తప్పు.

వైశాఖంల నీళ్లు అడుగంటుతయి. అప్పుడే పని కావాలె, వానలు పడినంక కాదు. పెంకులు, పైపు ముక్కలు, ట్రాక్టరు కిరాయి ఇప్పియ్యండి. మోసుడు, పేర్చుడు మేం చేసుకుంటం. ఒక్క అధికారిని గట్టు మీదికి పంపండి సార్, దండం పెడుతున్న. అడుగు చూపిస్త, చినిగిన వలలు చూపిస్త, ఆ మూల గూనపెంకులు లేపి చూపిస్త.

ఇట్లు,
మత్స్య సహకార సంఘం సభ్యుడు,
నర్సంపేట ప్రాంతం, వరంగల్ జిల్లా