సైకిల్ యాత్రలో మోకాలు మొరాయిస్తే

సంపాదకులకు నమస్కారం.

ఉద్దానం కిడ్నీ రోగుల కోసం చందాలు పోగుచేసి, పోయిన నెల మా కాలనీవాళ్లం పదకొండు మందిమి విశాఖ నుంచి శ్రీకాకుళానికి సైకిళ్ల మీద బయల్దేరాం. నాకు 54 ఏళ్లు. ఆనందపురం దాటేసరికి కుడి మోకాలి చిప్ప దగ్గర సూదితో పొడిచినట్టు నొప్పి. చందా ఇచ్చినవాళ్లకు ఏం చెప్పాలా అని టెన్షన్. తగరపువలస దాకా పళ్ల బిగువున తొక్కాను. బుద్ధితక్కువ పని!

అక్కడ సైకిల్ షాపు కుర్రాడు ఒక్క చూపు చూసి, "సీటు మరీ కిందకుంది మాస్టారూ, మోకాలి మీద బరువు పడదా?" అన్నాడు. పెడల్ కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు లేపాడు. డబ్బులు తీసుకోలేదు. నొప్పి కాస్త తగ్గినా, భోగాపురంలో ఇక వ్యాన్ ఎక్కేశాను. సోడా బండివాడిచ్చిన ఐసు తువ్వాలులో చుట్టి పెట్టుకున్నాను. చందా ఒక్కరూ వెనక్కి అడగలేదు.

మా వ్యాన్‌లో అరటిపళ్లు, ఫ్లెక్సీలు బోలెడు; క్రేప్ బ్యాండేజీ ఒక్కటీ లేదు. ఇలాంటి యాత్రలు పెట్టేవాళ్లు ముందురోజే అందరి సీట్లూ చూపించాలి. మధ్యలో దిగినా తప్పులేదని మైకులోనే చెప్పాలి.

- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం