నైనితాల్: రద్దీ కంటే ముందు కాలువలు

సంపాదకులకు నమస్కారం.

వేసవి రాగానే ఉత్తరాఖండ్ కొండల్లోని విహార పట్టణమైన నైనితాల్‌లో వాహనాల రద్దీ గురించి పత్రికలు రాస్తాయి గానీ, ఆ ఊరి బతుకుకు ఆధారమైన కాలువలను ఎవరూ పట్టించుకోరు. 1841లో షాజహాన్‌పూర్ చక్కెర వ్యాపారి బారన్ నైనితాల్ సరస్సును చూసి వెళ్లిన తరువాత ఇక్కడ బంగళాలు వెలిశాయి. సరస్సు స్థానికులకు అంతకు ముందే పవిత్రం అన్నది వేరే సంగతి. 1880 సెప్టెంబరు 18న కొండచరియ విరిగిపడి 151 మంది మరణించారు. అటుపై, వాన నీరు నేలలోకి ఇంకి వాలును వదులు చేయకుండా నేరుగా సరస్సులోకి దిగేలా బ్రిటిష్ ప్రభుత్వం కొండల నిండా రాతి కాలువలు కట్టించింది. నేటికీ ఊరికి అవే రక్ష.

పడవలవారు, హోటళ్లు, మాల్ రోడ్డు దుకాణాలు సరస్సు మీదే ఆధారపడ్డాయి. ఊరి తాగునీరూ అక్కడిదే. అయినా కాలువల్లో చెత్త పేరుకుంటోంది, సరస్సుకు భూగర్భజలం అందించే సూఖాతాల్ అనే వానాకాలపు చెరువు చుట్టూ కట్టడాలు పెరిగాయి. ఊరిలోకి వచ్చే వాహనాల నుంచి వసూలయ్యే సుంకంలో నిర్ణీత వాటాను, కొత్త పార్కింగు స్థలాలకంటే ముందుగా, కాలువల మరమ్మతుకూ సూఖాతాల్ రక్షణకూ కేటాయించాలని ఉత్తరాఖండ్ ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హైదరాబాద్