‘మొదటి పేజీ గ్యారంటీ’కి డబ్బు కట్టేముందు

సంపాదకులకు నమస్కారం.

‘మీ వెబ్‌సైట్‌ను గూగుల్ మొదటి పేజీలోకి తెస్తాం, గ్యారంటీ’ అనే ప్రకటనలు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసింది. డబ్బు కట్టేముందు సైటు యజమానులు ఒక్క సంగతి తేల్చుకోవాలి: సైటు వెనకబడి ఉందా, లేక గూగుల్ ఇండెక్స్‌లోకి, అంటే గూగుల్ వెతికే పేజీల జాబితాలోకి, అసలు ఎక్కనే లేదా? రెండింటికీ మందు ఒకటి కాదు.

ఇది తేల్చుకోవడానికి గూగుల్ ఇచ్చే ‘సెర్చ్ కన్సోల్’ అనే సాధనం ఉచితం. సైటు మీదేనని అందులో నిరూపించుకుని, ‘యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్’లో పేజీ చిరునామా ఇస్తే ఇండెక్స్‌లో ఉందో లేదో, లేకపోతే ఎందుకు లేదో చెబుతుంది. తరచూ బయటపడేది ‘నోఇండెక్స్’ ట్యాగ్, అంటే పేజీని ఇండెక్స్‌లో చేర్చవద్దని కోడ్‌లో పెట్టే గుర్తు. సైటు తయారవుతున్నప్పుడు ఎవరికీ కనబడకూడదని పెడతారు, తర్వాత తీయడం మరిచిపోతారు. సైటును వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసి ఉంటే సెట్టింగ్స్‌లో ‘రీడింగ్’ కింద, సెర్చ్ ఇంజిన్లను రావద్దనే గడిలో టిక్ ఉందేమో చూడాలి. ఉంటే తీసేసి, కన్సోల్‌లో మళ్లీ ఇండెక్సింగ్ కోరాలి.

ఇంతకంటే పెద్ద నష్టం సైటుకు కొత్త రూపం ఇచ్చినప్పుడు జరుగుతుంది. పేజీల చిరునామాలు మారిపోతాయి, పాతవి 404 (‘పేజీ లేదు’) చూపిస్తాయి, ఏళ్ల తరబడి ఇతర సైట్ల నుంచి వచ్చిన లింకుల విలువ వాటితోనే పోతుంది. ప్రతి పాత పేజీనీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) చేయాలి. శ్రమ తగ్గుతుందని అన్నింటినీ హోమ్ పేజీకి మళ్లిస్తే గూగుల్ వాటిని లేని పేజీల కిందే లెక్కగట్టే అవకాశం ఎక్కువ. ఆ రీడైరెక్టులను కనీసం ఏడాది ఉంచాలి. పాత చిరునామాల జాబితాను పని మొదలయ్యే ముందే దింపి పెట్టుకోకపోతే తర్వాత వెతుక్కోవడం నరకం.

ఇక పేజీల సంగతి. అన్ని పేజీలకూ సంస్థ పేరే టైటిల్‌గా (పేజీ శీర్షికగా) పెడితే ఏ పేజీ దేని గురించో తెలియదు. పేజీలో ఉన్న విషయమే టైటిల్‌లో ముందు రావాలి. సమాచారమంతా బొమ్మల్లో ఇరికించకుండా అక్షరాల్లోనే, అదీ అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ పద్ధతిలో పెట్టాలి. ఫోన్‌లో ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి. ఆలస్యానికి చాలాసార్లు కారణం కుదించకుండా ఎక్కించిన ఫొటోలే.

మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే పదాల జాబితా) నింపుతామంటూ బిల్లు వేసేవాళ్లు ఇంకా ఉండటం బాధాకరం. వెబ్ సెర్చ్ ర్యాంకింగ్‌లో ఆ ట్యాగ్‌ను వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. వందల లింకులు కొనిపెడతామనేవాళ్లు అంతకంటే ప్రమాదం. అలాంటి లింకులతో పైకి వచ్చిన సైట్లను 2012లో గూగుల్ తన ర్యాంకింగ్ పద్ధతిలో తెచ్చిన ‘పెంగ్విన్’ అప్‌డేట్ కిందికి తోసింది. నిజాయతీగా చేసిన పనికి ఫలితం కనిపించడానికి 4 నెలల నుంచి ఏడాది పడుతుందన్నది గూగుల్ మాటే. కాబట్టి వారంలో తెస్తామన్నవారిని పంపేయండి.

ఎవరికి పని అప్పగించినా డొమైన్ (సైటు పేరు) రిజిస్ట్రేషన్, సెర్చ్ కన్సోల్ యజమాని హక్కు మీ పేరునే ఉండాలి. ఏజెన్సీని వాడుకరిగా చేర్చితే చాలు, పని అయ్యాక తీసేయొచ్చు.

– ఒక పాఠకుడు