గోడ బొమ్మల పని ఆడపిల్లలకు ఇవ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

సంక్రాంతి వచ్చిందంటే మా కావలిలోనూ, నెల్లూరులోనూ, అటు ఒంగోలులోనూ వీధివీధికీ ముగ్గుల పోటీలే. పేపర్లలో జిల్లా పేజీ నిండా వాటి ఫొటోలే. ముగ్గు కాళ్ళ దగ్గర ఉంటుంది, నాయకులు మధ్యలో ఉంటారు, వేసినావిడ ఓ మూల కుక్కర్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంటుంది. ఫొటో కింద అతిథులందరి పేర్లూ వేస్తారు, ఆమె పేరు మాత్రం ఉండదు. ఈ విషయంలో మీ పేపర్‌కూ మినహాయింపు లేదని చెప్పక తప్పదు.

పోటీలు వద్దని నేననడం లేదు. పోయిన పండక్కి మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి తెల్లవారకముందే కళ్ళాపి చల్లి, ‘పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా’ అనుకుంటూ మొదలుపెట్టింది. లెక్కేస్తే మొత్తం 169 చుక్కలు. ఒక్కటి పక్కకి జరిగినా చివర్లో మెలికలు కలవవు. స్కేలు లేదు, పెన్సిల్ లేదు, చెరుపుకునే రబ్బరు అసలే లేదు. రెండు వేళ్ళ సందున పిండి జారుతుంటే గీత ఎక్కడా లావూ కాలేదు, సన్నమూ కాలేదు. పక్కన నిలబడి చూస్తున్న వాళ్ళమ్మ మాత్రం “ఇదేమన్నా రేపు నీకు అన్నం పెడద్దా మే?” అనింది. ఆ అమ్మ అడిగినదాంట్లో తప్పేముంది? దానికి మన దగ్గర జవాబు ఉండాలి కదా.

జవాబు మన గోడల మీదే ఉంది. ఊళ్ళ శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ పేరు చెప్పి ఊళ్ళలో ప్రహరీలకు, రైల్వే వంతెనల కింద, పార్కుల చుట్టూ బొమ్మలు వేయిస్తున్నారు. పెట్టేది ప్రజల డబ్బే. మా ఊళ్ళో ఆ పని కాంట్రాక్టర్ చేతికి పోయింది. ఎక్కడినుంచో వచ్చినవాళ్ళు అచ్చు అట్టముక్కలు పెట్టి స్ప్రే కొట్టేశారు. ఒక నెమలి, ఒక భూగోళం, చెట్టును పట్టుకున్న రెండు చేతులు. ఏ ఊరెళ్ళినా అవే. పెన్నా లేదు, పులికాట్ పక్షులు లేవు, రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువులో రొట్టెలు మార్చుకునే ఆడవాళ్ళూ లేరు. అదే పనిని చదరపు అడుగుకు ఇంత అని రేటు కట్టి, డ్రాయింగ్ హయ్యర్ గ్రేడు పరీక్ష పాసైన మన ఊరి ఆడపిల్లలకు, డ్వాక్రా సంఘాలకు ఎందుకివ్వరు? మూల మీద పేరు రాసుకోనివ్వండి. డబ్బు వాళ్ళ ఖాతాలో వేయండి. “సరదాగా వచ్చి వేయండమ్మా, సర్టిఫికెట్ ఇస్తాం” అని పిలిచే పద్ధతి ఉంది చూశారూ, అది ముందు పోవాలి.

కళతో ఆడవాళ్ళకు ఒరిగేదేముందని అడిగేవాళ్ళు మన నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటను గుర్తు చేసుకోవాలి. 1990-91లో అక్షరాస్యత ఉద్యమం అప్పుడు కళాజాతాల పాటలూ నాటికలూ ఊరూరా తిరిగాయి. రాత్రి బడి వాచకంలో సారా కష్టాలు చెప్పే సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు అది మా కథే అనుకున్నారు, సారాకు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించాల్సి వచ్చింది. రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి కూడా ఆ ఊపులో మన జిల్లాలోనే మొదలైంది.

ఇక ఉదయగిరి సంగతి. కృష్ణదేవరాయలు 1514లో గెలిచిన కోట గురించి పాఠాల్లో చదువుకుంటాం. ఆ కొండ కింద ఇళ్ళల్లో చెక్క గరిటెలు, స్పూన్లు, ఫోర్కులు చెక్కే ఆడవాళ్ళ గురించి ఎవరూ చెప్పరు. నర్ది, బిక్కి లాంటి చెక్కలను దుర్గం కొండల నుంచి తెచ్చుకుని, ముక్కలు కోసి, ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో రుద్ది నునుపు చేస్తారు. ఫోర్కు పళ్ళ మధ్య సందులు తీసేటప్పుడు చెయ్యి కాస్త బరువు పడితే పన్ను విరిగి, పొద్దుటినుంచి పడ్డ కష్టం పొయ్యిలోకి పోతుంది. ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, సంతోషమే. అయితే జీఐ ఊరి పేరును కాపాడుతుంది, చెక్కిన మనిషి పేరును కాదు. 1999 నాటి జీఐ చట్టంలోనే దీనికి దారి ఉంది. తయారుచేసే ప్రతి మనిషీ ‘అధీకృత వినియోగదారు’గా విడిగా నమోదు చేసుకోవచ్చు. ఆ కాగితం ఆమె పేరు మీద ఉంటే ఎగ్జిబిషన్ స్టాల్ అడగడానికీ, నకిలీ సరుకు మీద ఫిర్యాదు చెయ్యడానికీ, దళారీతో బేరమాడడానికీ ఒక ఆధారం ఉంటుంది. ఇంటి పెద్ద పేరుతోనో, కొట్టు యజమాని పేరుతోనో ఉంటే ఆమె ఎప్పటికీ కూలీయే.

కాబట్టి జిల్లా పరిశ్రమల కేంద్రం అధికారులు ఉదయగిరిలోనే ఒక క్యాంపు పెట్టి, ఫారాలు దగ్గరుండి నింపించి, చెక్కే ఆడవాళ్ళ పేర్లతో నమోదు చేయించాలి. కేంద్రం ఇచ్చే హస్తకళాకారుల పహచాన్ కార్డుల పని కూడా అక్కడే కానిచ్చేయొచ్చు. నెల్లూరు దాకా రమ్మంటే సుమారు వంద కిలోమీటర్లు, ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. పొయ్యి మీద వంట దించి మధ్యాహ్నం రెండింటికి వచ్చేలా టైమ్ పెడితే ఇంకా మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కావలి.