వర్క్‌బుక్ ఎందుకు పంచలేదంటే

ట్యూషన్‌కి పిల్లల్ని పంపుతున్న అమ్మలకు, నాన్నలకు నమస్కారం.

మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు రథయాత్ర లోపు మన సొంత వర్క్‌బుక్ ఇస్తానని ఏప్రిల్‌లో మాటిచ్చాను. 64 మంది దగ్గర తలా 120 రూపాయలు తీసుకున్నాను. రథయాత్ర అయింది, బాహుడా (తిరుగు రథం) కూడా అయింది, పుస్తకం మాత్రం మీ ఇంటికి రాలేదు. "మాస్టారు డబ్బులు తీసుకుని ఊరుకున్నారు" అని బజార్లో ఎవరో అన్నట్టు నా చెవిన పడింది. పదకొండేళ్లుగా ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆ మాటకు రెండు రోజులు అన్నం సహించలేదు. కానీ ముందుగా చెప్పకపోవడం నా తప్పే.

పుస్తకాలు వచ్చాయి. 200 కాపీలు మా ఇంటి వెనక గదిలో ఉన్నాయి. పంచకూడదని నేనే నిర్ణయించుకున్నాను.

తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ ఒకే పేజీలో రావాలని సరిహద్దు దాటి ఆంధ్రా వైపు ఒక ప్రెస్సుకు ఇచ్చాను. రెండు వేసవి సెలవులు కూర్చుని నేను టైపు చేసిన ఫైలది. వాళ్లు దాన్ని తమ దగ్గరున్న పాత ఫాంటులోకి మార్చారు. ఆ మార్పులో వత్తులు చెదిరిపోయాయి. ప్రూఫు నాలుగు పేజీలే చూపించారు, అవి బాగానే ఉన్నాయి. మిగతావి వాట్సాప్‌లో పెడతామన్నారు, పెట్టలేదు. పని త్వరగా అవుతుందిలే అని నేనూ గట్టిగా అడగలేదు. రెండు నెలలు ఆలస్యంగా కట్టలు దిగాయి.

మొదటి కట్ట విప్పి, మూడో తరగతి పాపకు ఒక పుస్తకం చేతికిచ్చి చదవమన్నాను. వేలు పెట్టి చదివింది: "అమ్... మ. నీళ్... ళు." ఆగి, నా వైపు చూసి, "మాస్టారూ, అమ్ అంటే ఏంటి?" అని అడిగింది. పేజీలో 'అమ్మ' అన్న మాట 'అమ్‌మ' అని పడింది. 'ఇల్లు' కాస్తా 'ఇల్‌లు' అయింది. ఇంట్లో రోజుకు వందసార్లు పిలిచే మాటను ఆ పిల్ల పుస్తకంలో గుర్తుపట్టలేకపోయింది.

ప్రెస్సుకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇదీ: "చిన్న క్లాసులే కదా మాస్టారూ, పిల్లలు సర్దుకుంటారు. పెద్ద క్లాసులదైతే ఇంకాస్త జాగ్రత్తగా వేసేవాళ్లం." డబ్బు పోయిన బాధ కన్నా ఈ మాటే ఎక్కువ గుచ్చుకుంది. మీరూ నేనూ అయితే వత్తు ఎగిరిపోయినా మాట పోల్చుకుంటాం, ఎందుకంటే ఆ మాట మనకు ముందే తెలుసు. అక్షరాన్ని మొదటిసారి చూస్తున్న పిల్లకు కనబడిందే అక్షరం. జాగ్రత్త పడాల్సింది చిన్న క్లాసుల దగ్గరే. నేను పాఠం చెప్పే పద్ధతంతా ఈ ఒక్క నమ్మకం మీదే నిలబడింది.

అయినా వెంటనే పక్కన పెట్టేయలేదు. తప్పొప్పుల చీటీ ఒకటి అంటించి పంచేద్దామా అనుకున్నాను. చదవడం రాని పిల్లలకు చీటీ ఏం పనికొస్తుంది? తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని చేత్తో దిద్దడం మొదలుపెట్టాను. మూడు రాత్రులు ఒంటిగంట దాకా కూర్చుంటే పంతొమ్మిది పుస్తకాలయ్యాయి. దిద్దిన పేజీ చూస్తే పిల్లాడు తప్పు రాసి దెబ్బలు తిన్న నోటుబుక్కులా ఉంది. నాలుగో రాత్రి కట్టలు మళ్లీ కట్టేశాను.

"అసలు సొంత పుస్తకం ఎందుకు, బజార్లో బోలెడున్నాయి కదా" అని కొందరు అడిగారు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియాలో 'ఠ' ఉత్త గుండ్రం. మన పిల్లాడికి అది సున్నలా కనిపిస్తుంది. మనం 'జల' అనేదాన్ని ఒడియావాళ్లు 'జొళొ' అంటారు. పిల్లాడు విన్నది విన్నట్టు రాస్తే తప్పని కొట్టేస్తారు. రెండు అక్షరాలూ పక్కపక్కన పెట్టి, ఇదిలా అదలా అని ఒక్కసారి చూపిస్తే చాలు, భయం పోతుంది. ఆంధ్రాలో అచ్చయిన పుస్తకంలో ఇది ఉండదు, కటక్‌లో అచ్చయినదాంట్లోనూ ఉండదు. ఒడియా వద్దని నేనెప్పుడూ అనలేదు, అది ఇక్కడ మన పిల్లల బతుకుదెరువు. ఇంటి మాట మీద నిలబెట్టి నేర్పితే అది కూడా తొందరగా వస్తుందని అంటున్నాను.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఈ ఊరి రాజావారి స్కూల్లోనే పంతులుగా చేరారు. సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల సవర భాషలోనే చెప్పాలని ఆ భాష తాను నేర్చుకుని, వాచకాలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టారు. ఆయన నడిచిన వీధుల్లో ఉంటూ, 'అమ్మ' అన్న మాట విరిగిపోయిన పుస్తకాన్ని మీ పిల్లల చేతిలో నేను పెట్టలేను.

సగం ధరకు మళ్లీ వేసిస్తామని ప్రెస్సు వాళ్లు అన్నారు. వద్దన్నాను. నా పంతం అనుకోండి. "సర్దుకుంటారు" అన్నవాళ్ల చేతికి మళ్లీ ఆ ఫైలు ఇవ్వను. అడ్వాన్సు 16,000 పోతే పోయింది, అది నా లెక్క. మీ ఫీజు పెరగదు.

మీ 120 రూపాయలు వచ్చే నెల ఫీజులో తగ్గిస్తాను. చేతికే కావాలంటే సాయంత్రం ఆరు తర్వాత వచ్చి తీసుకోండి. పుస్తకం డిసెంబరు తర్వాతే, ప్రతి పేజీ ప్రూఫు నేను చూసి సంతకం పెట్టాకే అచ్చుకు వెళ్తుంది. అప్పటిదాకా నా చేతిరాతతో రోజుకో పేజీ జెరాక్స్ తీసి ఇస్తాను. సోమవారం మొదటి పేజీ నీళ్లు, పాణి, వాటర్. పిల్లలు బొమ్మ వేసి పక్కన మూడు మాటలూ రాస్తారు.

సోమవారం పంపేటప్పుడు గీతలు లేని తెల్ల నోటుబుక్ ఒకటి, జిగురు ట్యూబు ఒకటి సంచిలో పెట్టండి.