ముందు కాపీ, ఆ తర్వాతే సైన్ అవుట్

ఒరేయ్ మిత్రమా,

ఇన్నాళ్ళూ నీ ఆపిల్ ఐడీతోనే (ఇప్పుడు దాన్ని ఆపిల్ అకౌంట్ అంటున్నారు) నడిచిన పాప ఫోన్‌ని తన సొంత అకౌంట్‌కి మార్చాలని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ముందుగా ఒక్క మాట. ఇది చివరిదాకా చదివేవరకు ఏ ఫోన్‌లోనూ ఏదీ డిలీట్ చేయకండి. నువ్వూ వద్దు, పాపా వద్దు. "పాప ఫోన్‌లోంచి నా ఫోటోలు, నా కాంటాక్టులు తీసేస్తే ఎవరివి వాళ్ళకి మిగిలిపోతాయి కదా" అని రాశావు చూడు, అది చదివి నాకు గుండె ఝల్లుమంది. ఒకే ఆపిల్ ఐడీతో రెండు ఫోన్లు నడుస్తున్నప్పుడు రెండు ఫోటో లైబ్రరీలు ఉండవురా. ఐక్లౌడ్‌లో, అంటే ఆపిల్ వాళ్ళ ఆన్‌లైన్ నిల్వలో, ఉన్నది ఒక్కటే, రెండు ఫోన్లూ దాన్నే చూపిస్తాయి. పాప తన ఫోన్‌లో ఒక ఫోటో తీసేస్తే నీ ఫోన్‌లోనూ పోతుంది, ఇంట్లో ఉన్న టాబ్లెట్‌లోనూ పోతుంది. ఇప్పటికే ఏవైనా తీసేసి ఉంటే ఫోటోస్‌లో రీసెంట్లీ డిలీటెడ్ తెరిచి చూడు. అక్కడ 30 రోజులు ఉంటాయి, ఇవాళే వెనక్కి తెచ్చుకో.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వాడి ఫోన్ నా అకౌంట్ నుంచి వేరు చేసినప్పుడు నాకు బాగా అర్థమైంది ఏంటంటే, ఇది పంపకం కాదు. పంపకమంటే ఇది నీకు, అది నాకు అని మొదటిరోజే తేల్చేయాలి. ఇక్కడ అలా చేయకూడదు. ముందు అంతా ఇద్దరి దగ్గరా పూర్తిగా ఉండేలా చేసుకోవాలి. వేరుపడ్డాక, తీరిగ్గా, ఎవరికి అక్కర్లేనివి వాళ్ళు తీసేసుకోవాలి. ఈ వరుస తప్పకపోతే టెన్షన్ పడాల్సిన పనే లేదు.

ఎవరు బయటికి వెళ్ళాలి అని అడిగావు. పాపే. నీ ఐడీకి ఇన్నేళ్ళ కొనుగోళ్ళు, సబ్‌స్క్రిప్షన్లు, మెయిల్, బ్యాంకు యాప్‌లు అన్నీ ముడిపడి ఉన్నాయి. నువ్వు కదిలితే అవన్నీ కదపాలి. పాపకి కొత్త అకౌంట్ తెరిచి, తన ఫోన్‌ని అందులోకి మార్చడమే తేలిక. చాలా దేశాల్లో 13 ఏళ్ళ లోపు పిల్లలు సొంతంగా అకౌంట్ తెరవలేరు, ఇంటివాళ్ళ అకౌంట్లని ఒక గుంపుగా కలిపే ఫ్యామిలీ షేరింగ్‌లోంచి అమ్మో నాన్నో తెరవాలి. మీ పాపకి ఆ వయసు దాటినా నువ్వే పక్కన కూర్చుని ఫ్యామిలీలో చేర్పించు. పుట్టిన తేదీ మాత్రం ఉన్నదున్నట్టు ఇవ్వు. ఎక్కువ వయసు వేస్తే పిల్లల కోసం పెట్టిన రక్షణలు తనకి అందవు.

కొత్త అకౌంట్ తెరవగానే ఫోన్‌లో పెట్టేయొద్దు. దానికి ముందు కాపీల పని ఉంది. అసలు కష్టమంతా ఇక్కడే.

ఫోటోల సంగతి చూద్దాం. పాప ఫోన్‌లో సెట్టింగ్స్, పైన పేరు, ఐక్లౌడ్, ఫోటోస్ తెరువు. "ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్" మీద టిక్ ఉందంటే తన ఫోన్‌లో ఉన్నవాటిలో చాలా భాగం అసలు ఫోటోలు కావు, చిన్న చిన్న నమూనాలు. వేలితో తాకినప్పుడు అసలుది క్లౌడ్ నుంచి దిగుతుంది. అందుకే గ్యాలరీ నిండుగా కనిపిస్తుంది, సైన్ అవుట్ చేశాక చూస్తే ఖాళీ. దాని కిందున్న "డౌన్‌లోడ్ అండ్ కీప్ ఒరిజినల్స్" ఎంచుకుని, చార్జింగ్ పెట్టి, వైఫైలో వదిలేయ్. లైబ్రరీ పెద్దదైతే రోజులు పట్టొచ్చు. ఫోన్‌లో అంత చోటు లేకపోతే కంప్యూటర్ మీదికి దించు. మ్యాక్ అయితే ఫోటోస్ యాప్‌లో ఇలాంటి సెట్టింగే ఉంటుంది, విండోస్‌కైతే ఐక్లౌడ్ యాప్ ఉంది. ఇంకో దారి, ఆపిల్ ప్రైవసీ పేజీలోకి వెళ్ళి "మా డేటా కాపీ ఇవ్వండి" అని అడగడం. వారం దాకా పట్టొచ్చు, కానీ ఫైళ్ళు ముక్కలుగా కట్టి వాళ్ళే ఇస్తారు. ఏ దారిలో దించినా ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కూడా ఎక్కించి పక్కన పెట్టు. పెట్టేసి ఊరుకోకు, తెరిచి చూడు. అన్నిటికంటే పాత ఫోటో ఒకటి, పాప చిన్నప్పటి పొడుగాటి వీడియో ఒకటి ఆడించి చూడు. లైబ్రరీ అడుగున ఎన్ని ఫోటోలు, ఎన్ని వీడియోలు అని అంకె ఉంటుంది. ఆ అంకెకీ డిస్క్‌లో ఉన్న అంకెకీ మరీ తేడా ఉంటే ఆగిపో, కారణం తెలిశాకే ముందుకి.

"రోజూ రాత్రి ఐక్లౌడ్ బ్యాకప్ అవుతోంది, ఇంకేం భయం" అన్నావు. అది నమ్మొద్దు. ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్‌లో ఉంటే ఆ ఫోటోలు ఫోన్ బ్యాకప్‌లోకి రావు. ఎలాగూ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని వదిలేస్తుంది. అయినా పాప ఫోన్‌ని ఒకసారి కంప్యూటర్‌కి కలిపి, పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ తీసుకో. సెట్టింగులు, హెల్త్ డేటా, యాప్‌ల డేటా అందులోకి వస్తాయి. ఆ పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసిపెట్టు. అది మర్చిపోతే ఆ బ్యాకప్ తెరవడం ఎవరివల్లా కాదు.

నోట్స్, ఫైల్స్ గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఐక్లౌడ్ నోట్స్ సైన్ అవుట్‌తో పాటే ఫోన్‌లోంచి మాయమవుతాయి. నోట్స్ సెట్టింగుల్లో "ఆన్ మై ఐఫోన్" అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, పాప రాసుకున్నవన్నీ ఆ ఫోల్డర్లోకి మార్చాలి. ఫైల్స్ యాప్‌లో ఐక్లౌడ్ డ్రైవ్‌లో ఉన్నవి కూడా అలాగే "ఆన్ మై ఐఫోన్"లోకి కాపీ చేయాలి. ఈ పని నువ్వు చేయకురా, తననే చేయనివ్వు. మా వాడి నోట్స్ అన్నీ నా ఫోన్‌లో కనబడుతూనే ఉండేవి, వాడికి ఆ సంగతే తెలియదు. నేను కూర్చోబెట్టి చెప్పినప్పుడు వాడి ముఖం మారిపోయింది. ఏది చదివాను, ఏది చదవలేదు అని నెమ్మదిగా అడిగాడు. పాప మెసేజ్‌లు నీ టాబ్లెట్‌లోకి వస్తున్నాయని రాశావు కదా, ఆ మాట తనకి చెప్పేశావా? చెప్పకపోతే ఈ పని మొదలుపెట్టేముందే చెప్పు. నువ్వు నోరు విప్పకుండా అకౌంట్ వేరు చేస్తే, తర్వాత తనకి తెలిసిననాడు చాలా బాధపడుతుంది.

ఇంకో ముఖ్యమైనది, సైన్ ఇన్ విత్ ఆపిల్. ఏదో యాప్ వేసుకునేటప్పుడు పాస్‌వర్డ్ గొడవ లేకుండా ఆ నల్ల బటన్ నొక్కేస్తారు పిల్లలు. అలా తెరిచిన అకౌంట్లన్నీ నీ ఐడీకి అతుక్కుని ఉంటాయి. పాప కొత్త ఐడీతో అదే బటన్ నొక్కితే ఆ యాప్ కొత్త మనిషి వచ్చారనుకుని ఖాళీ అకౌంట్ ఇస్తుంది. మా వాడికి ఒక బొమ్మలు గీసే యాప్ ఉంది, ఏళ్ళ తరబడి గీసినవన్నీ అందులోనే. సెట్టింగ్స్‌లో పేరు నొక్కితే సైన్ ఇన్ విత్ ఆపిల్ అని జాబితా ఉంటుంది. ఇద్దరం ఆ జాబితా ముందేసుకుని, ఒక్కో యాప్‌లోకీ వెళ్ళి, వాడి సొంత మెయిల్, పాస్‌వర్డ్ చేర్చాం. కొన్ని యాప్‌లలో అలా చేర్చే వీలు లేదు. వాటిలోంచి బొమ్మలు బయటికి తీసి దాచాం. విసుగు పుట్టే పనే, కానీ ఇది సైన్ అవుట్‌కి ముందు చేయాల్సిందే.

వాట్సాప్ గురించి పెద్దగా చింత వద్దు. చాట్లు ఫోన్‌లోనే ఉంటాయి, ఆపిల్ ఐడీ మారినంత మాత్రాన పోవు. పాత బ్యాకప్ మాత్రం నీ ఐక్లౌడ్‌లోనే ఉండిపోతుంది, కొత్త ఐడీతో అది దిగదు. కాబట్టి మారిన రోజే కొత్త అకౌంట్‌లోకి ఒక బ్యాకప్ తీయించు. ఆటల్లో గెలుచుకున్న లెవెళ్ళు అలా కాదు, కొన్ని నీ ఐక్లౌడ్‌లోనే ఉండిపోవచ్చు. ఆ మాట పాపకి ముందే చెప్పి ఉంచు.

ఇవన్నీ అయ్యాక, సైన్ అవుట్ నొక్కేముందు ఒక పని. పాప ఫోన్‌లో ఐక్లౌడ్ ఫోటోస్ స్విచ్ ముందుగా విడిగా ఆఫ్ చేయి. తీసేయాలా, దించుకోవాలా అని అడుగుతుంది. దించుకోవడమే నొక్కు. ఆ తర్వాత సైన్ అవుట్. పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే ఫైండ్ మై ఆపడానికి నీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు ఒక జాబితా వస్తుంది, కాంటాక్ట్స్, క్యాలెండర్లు, సఫారీ, కీచైన్ ఇలా, ఏవేవి ఈ ఫోన్‌లో ఉంచాలి అని. స్విచ్‌లన్నీ ఆఫ్‌లో ఉంటాయి. హడావిడిగా కంటిన్యూ నొక్కేశావో, కాంటాక్టులు ఆ ఫోన్‌లోంచి వెళ్ళిపోతాయి. కాంటాక్ట్స్, క్యాలెండర్లు ఆన్ చేయి. కీచైన్ మాత్రం ఆఫ్‌లోనే ఉంచు, నీ పాస్‌వర్డ్‌లన్నీ అందులో ఉంటాయి. పాపవి నాలుగైదు ఉంటాయేమో, అవి ముందే తను రాసిపెట్టుకోవాలి.

కొత్త ఐడీతో లోపలికి వెళ్ళగానే ఫోన్‌లో ఉన్నవాటిని ఐక్లౌడ్‌తో కలపాలా అని అడుగుతుంది. మెర్జ్ నొక్కండి. ఇప్పుడు ఇద్దరి దగ్గరా అన్ని కాంటాక్టులూ ఉన్నట్టే. నీ ఆఫీసు వాళ్ళ నంబర్లు తన ఫోన్‌లో ఉన్నాయని కంగారుపడి వెంటనే తీసేయడం మొదలుపెట్టకండి. ముందు ఒక పరీక్ష చేయండి. పాప ఫోన్‌లో "పరీక్ష" అని ఉత్తుత్తి కాంటాక్ట్ ఒకటి చేర్చి, కాసేపు ఆగి నీ ఫోన్‌లో వెతుకు. కనిపించకపోతే నిజంగా వేరుపడినట్టే. కనిపిస్తే ఎక్కడో పాత ఐడీ ఇంకా తగులుకుని ఉంది. ఫోటోలకీ నోట్స్‌కీ ఇదే పరీక్ష. ఇది నెగ్గేదాకా డిలీట్ మాటే ఎత్తొద్దు.

తర్వాత తన అకౌంట్‌లో ఐక్లౌడ్ ఫోటోస్ ఆన్ చేస్తే లైబ్రరీ మొత్తం మళ్ళీ పైకి ఎక్కుతుంది. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే కాబట్టి అది చాలదు. నీ దగ్గరున్న ప్లాన్‌ని ఫ్యామిలీతో పంచుకో, నీతో కలిపి ఆరుగురి వరకు వాడుకోవచ్చు. చెల్లెమ్మకి ఒక అనుమానం ఉందన్నావు కదా, చోటు పంచుకుంటే ఫోటోలు కూడా ఒకరివి ఒకరికి కనిపిస్తాయేమోనని. కనిపించవు. చోటు మాత్రమే ఉమ్మడి, లోపల ఉన్నవి ఎవరివి వాళ్ళవే. కొన్న యాప్‌లు కూడా చాలావరకు ఫ్యామిలీ షేరింగ్ ద్వారా తనకి అందుతాయి. పాతగా నీ ఐడీతో దించినవి అప్‌డేట్ అడిగినప్పుడు నీ పాస్‌వర్డ్ కోరుతుంటే, ఆ యాప్‌లో డేటా ఏమీ లేదని చూసుకున్నాకే తీసేసి మళ్ళీ వేయించు.

ఇకపై తీసే ఇంటి ఫోటోలకి షేర్డ్ లైబ్రరీ అని ఒకటుంది, 2022లో ఐఓఎస్ 16.1తో వచ్చింది. బాగానే ఉంటుంది, కానీ అందులో ఎవరు ఏది తీసేసినా అందరికీ పోతుంది. ఇప్పుడే ఒక ఉమ్మడిలోంచి బయటపడుతున్న మీకు వెంటనే ఇంకోటి ఎందుకు? నాకైతే షేర్డ్ ఆల్బమ్ నచ్చుతుంది. అందులో ఫోటోల సైజు తగ్గిపోతుంది నిజమే, కానీ అసలువి ఎవరి లైబ్రరీలో వాళ్ళకి భద్రంగా ఉంటాయి.

నీ వైపు తలుపులు మూసుకోవడం మర్చిపోకు. నీ అకౌంట్‌లోని పరికరాల జాబితాలో పాప ఫోన్ ఇంకా ఉంటే తీసేయి. నీకు వచ్చే వెరిఫికేషన్ కోడ్‌లు తన నంబరుకి వెళ్ళేలా పెట్టి ఉంటే మార్చు. మెసేజెస్, ఫేస్‌టైమ్ సెట్టింగుల్లో తన నంబరు, తన మెయిల్ మిగిలాయేమో చూడు. చివరగా నీ పాస్‌వర్డ్ మార్చేయ్, అది తనకి నోటికి వచ్చు కదా!

చెల్లెమ్మ ఆండ్రాయిడ్ ఫోన్‌లో బాబుది కూడా ఇదే గొడవ అన్నావు. అక్కడా వరుస ఇదే. గూగుల్ టేకౌట్ అనే దాంతో ఫోటోలు, కాంటాక్టులు, డ్రైవ్ అన్నీ మూటకట్టి దించుకోవచ్చు. దించే లింకు కొద్దిరోజులే పనిచేస్తుంది కాబట్టి రాగానే దించేయాలి. ఫోటోల పక్కన జేసన్ అనే చిన్న ఫైళ్ళు వస్తాయి, తేదీలు, వివరాలు వాటిలోనూ ఉంటాయి, చెత్త అనుకుని పారేయొద్దు. ఫోన్‌లోంచి పాత గూగుల్ అకౌంట్ తీసేస్తే అందులో దాచిన కాంటాక్టులు కూడా వెళ్ళిపోతాయి, అందుకని ముందు వాటిని ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. ప్లే స్టోర్‌లో కొన్నవి మాత్రం ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి మారవు.

ఎవరికి ఏవి అక్కర్లేదో తీసేసుకునే పని కొన్ని వారాలు ఆగి పెట్టుకోండి. పాప చిన్నప్పటి ఫోటోలు మాత్రం ఇద్దరి దగ్గరా ఉండనివ్వు. చోటు మిగులుతుందని తన లైబ్రరీలోంచి తీయించకు. అవి నువ్వు తీసినవే అయినా, తనవి కూడా.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది, పాప ఫోన్ ఎన్ని జీబీలదో, ఐక్లౌడ్‌లో ఫోటోలు ఎంత చోటు తింటున్నాయో రెండూ చూసి నాకు రాయి. ఫోటోలే ఎక్కువైతే ఫోన్‌లోకి దించే మాట వదిలేసి కంప్యూటర్ దారి పట్టాలి, అప్పుడు మొదటి మెట్టు నుంచి పద్ధతి కొంచెం మారుతుంది. అది నీకు విడిగా రాస్తాను. సైన్ అవుట్ రోజు ఇద్దరికీ సెలవుండేలా చూసుకోండి, మధ్యలో ఏదైనా అనుమానం వస్తే స్క్రీన్ మీద ఏముందో ఫోటో తీసి పంపు, నేను ఫోన్ పక్కనే ఉంటాను.

ఉంటానురా,
నీ మిత్రుడు